మీసం లేని ఆఖరి రీలు

“మీ అత్త పోయింది పాపా” అని మామ ఫోనులో చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి మాట, “యాడికి?”

దయచేసి నవ్వకండి. మా అత్త ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. పొద్దున్నే తలకు టోపీ పెట్టుకుని సోలార్ ప్యానెళ్ళ కింద గడ్డి కోసే పనికి పోయేది. పని లేని రోజు వై.ఎన్.హొసకోట సంతకు పోయేది. సంత లేని రోజు ఎవరికో ఒంట్లో బాగాలేదని, ఎవరింట్లోనో పురుడని పోయేది. నేను ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేది మామే. “మీ అత్త పోయింది” అనేవాడు. యాడికంటే, “ఏమో పాపా, మేకుకు టోపీ లేదు” అనేవాడు. టోపీ మేకుకు ఉంటే అత్త ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ రోజు నా ప్రశ్నకు మామ “టోపీ ఈడనే ఉండాది పాపా” అన్నాడు.

పావగడలో నేను పనిచేసే బడిలో అప్పుడు పిల్లలకు పొద్దుటి పాలు పోస్తున్నారు. నేను ఫోను చెవికి పెట్టుకునే, “కాలుతున్నాయి, ఊదుకుని తాగండి” అని ఎవరికో చెప్పాను. ఆ తర్వాత ఎవరో నా చేతిలోంచి గరిటె తీసుకున్నారు. గరిటె నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బస్సులో కూర్చున్నాక కూడా, ఈమె ఎక్కడికో పోయి ఉంటుంది, సాయంత్రానికి వస్తుంది అనే అనుకుంటూ పోయాను.

అత్త ఆ పొద్దున పనికి పోవడానికి కొంగు బిగించి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఒక్క నిమిషం అని గోడకు ఆనుకుని కూర్చుందట. అంతే, మళ్ళీ లేవలేదు.

మా అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. పావగడ పక్క క్యాతగానచెర్లు అనే ఊరి కోడలు. మా పక్కంతా కర్ణాటక కాబట్టి నేను చదివిందీ, ఇప్పుడు పాఠాలు చెప్పేదీ కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు నాకు బడిలో రాలేదు. అత్త నన్ను హొసకోట సంతకు తీసుకుపోయి, గోడల మీద అంటించిన సినిమా పోస్టర్ల ముందు నిలబెట్టి ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చూపించి నేర్పింది. అవి అనంతపురం పక్క నుంచి వచ్చే పోస్టర్లు. మేకలకు అందినంత మేరా చినిగిపోయి ఉండేవి. అందుకే పెద్ద మాట ఏదైనా రాస్తే చివరి అక్షరం దగ్గర నాకు ఇప్పటికీ అనుమానమే. ఇక్కడ తప్పులుంటే సగం పాపం అత్తది, సగం ఆ మేకలది.

ఆమె గురించి రాయడానికి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను వరుస తప్పితే చిరాకు పడే టీచరమ్మను. అత్త జీవితమేమో నడుమ ఒక ముక్క లేని కథ. ఆమె ఎప్పుడూ చెప్పే కథ కూడా అలాంటిదే. రెండూ నా తలలో కలిసిపోయి కూర్చున్నాయి. ముందు ఆమె చెప్పే కథ చెబుతాను.

అత్త తన జన్మలో చూసిన ఇంగ్లీషు సినిమా ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో మామతో కలిసి హొసకోట టెంటులో చూసింది. అప్పట్లో అక్కడ గుడారం వేసి, ముందు ఇసుక పోసి, వెనక బెంచీలు వేసి సినిమాలు ఆడేవాళ్ళు. తెలుగు బొమ్మ, కన్నడ బొమ్మ దొరకని వారం టెంటు యజమాని బెంగళూరు నుంచి పాత ఇంగ్లీషు సినిమా రీళ్ళ పెట్టెలు తెచ్చేవాడట. అలా ఒకసారి తెచ్చిన రెండు బొమ్మల్లో హీరో ఒకడే, హీరోయిన్ ఒకతే. మొదటిది నవ్వుల బొమ్మ. జనం విరగబడి చూశారు. దాంతో మరుసటి వారం జట్కా బండికి మైకు కట్టి ఊరూరా తిప్పారు. “మళ్ళీ అదే జోడీ! ఈ తూరి ప్రేమ, దొంగతనం, కన్నీళ్ళు!” అత్తా మామా చూసింది ఈ రెండోదాన్ని. మొదటిది వాళ్ళు చూడలేదు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. నాకైతే ఎవరూ గుర్తు పెట్టుకోమని చెప్పలేదు.

కథ అత్త మాటల్లోనే వినాలి.

“ఆ పాప బో పెద్దింటి పిల్ల. వాడేమో దొంగ. సన్న మీసం, గీత గీసినట్టు. నగలకోసరం ఆ ఇంట్లోకి వచ్చి, నగలిడిసిపెట్టి ఆ పాపను చూస్తా నిలబడిపోతాడు. ఇద్దురికీ మనసు కలుస్తాది. ఇంగ దొంగతనం మానేస్తానంటాడు. మానేస్తానన్నోన్ని జతగాళ్ళు మాననిస్తారా? ఇంగొక్క తూరి, ఇంగొక్క తూరి అని పిలుచుకుని పోతారు, తుపాకులు పట్టుకుని, పెద్ద బ్యాంకు కాడికి. ఆ పాపకు తెలిసిపోతాది. బయట వాన. టెలిఫోను కాడ నిలబడుకోనుంటాది. ఎత్తితే పోలీసోల్లు వాన్ని పట్టుకుంటారు. ఎత్తకపోతే వాడు ఆడ చస్తాడు. ఆ పాప మొగం తెర నిండా వస్తాది. కండ్లల్లో నీళ్ళు. కడాకు ఎత్తుతాది.”

అక్కడ అత్త ఆగేది. చేతిలో కొడవలి ఉంటే కొడవలి కూడా ఆగేది.

“ఎత్తినాక?” అని అందరం అడిగేవాళ్ళం.

“ఎత్తినాక ఎండ. మంచి ఎండ. గుర్రం బండి మీంద ఇద్దురూ నవ్వుకుంటా పోతాంటారు. ఆ పాప తలకు తెల్ల టోపీ. వానికి మీసం లేదు, జైల్లో గీకేసింటారు. ఎవురో లావు ముసలాయన వెనకాల నిలబడి చెయ్యూపుతాంటాడు. గాలికి టోపీ ఎగిరిపోతాది. వాడు బండిలోంచి దూకి దాని ఎంట పరిగెత్తుతాడు. ఆ పాప ఇట్ల కడుపు పట్టుకుని నవ్వుతాది. అయిపోయింది, లైట్లేసేసినారు.”

“నడుమ ఏమైందత్తా?”

“నడుమది సెన్సారోల్లు కత్తిరించినారంట. మిషను తిప్పే ఆయప్ప చెప్పినాడు.”

ఆ మాట అత్తకు అక్కడ దొరికింది. చచ్చేదాకా వదల్లేదు. చెప్పడం ఇష్టం లేని సంగతి ఏదైనా ఆమెకు “సెన్సారు”. నీ వయసెంత అత్తా అంటే సెన్సారు. పక్కింటివాళ్ళు ఎందుకు అరుచుకుంటున్నారంటే సెన్సారు. పప్పులో ఏమేశావంటే కూడా సెన్సారే. ఇంకో మాట కూడా ఉండేది ఆమెకు. ఇంట్లో ఎవరి మధ్యన మాటలు ఆగిపోయినా, “రీలు తెగితే ఈల వెయ్యొద్దప్పా, కూచో. అంటిస్తారు” అనేది. మా ఇంట్లో ఇప్పుడు కరెంటు పోయినా అదే మాట వాడుతున్నాం.

ఇక ఆమె జీవితంలో సెన్సారైన ముక్క. ఇది ఊరందరికీ తెలిసిందే. మామ కూడా రాయమనే చెప్పాడు.

వరుసగా వానలు లేని ఏళ్ళవి. నేను ఉయ్యాల్లో ఉన్నాను. బోర్లన్నీ ఎండిపోయి, వాటికి పోయే కరెంటు తీగలు ఊరికే వేలాడుతుండేవి. ఆ తీగలు కోసి అమ్ముకునే జట్టులో మామ కలిశాడు. మొదట ఎండిన బోర్ల తీగలే. తర్వాత ఇంకొక్క తూరి, ఇంకొక్క తూరి అంటూ కరెంటు పారే పెద్ద లైను మీద కన్నేశారు. అత్తకు తెలిసింది. ఒక పొద్దున బస్సెక్కి హొసకోట పోయింది. అంతకుముందు ఎన్నడూ ఫోను పట్టుకోని మనిషి, ఎస్టీడీ బూత్‌లో నిలబడి, బూత్ అతన్ని నంబరు కలపమని, పోలీసు స్టేషనుకు ఫోను చేసింది. మొగుడు ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో, ఏ లైను దగ్గరికి పోబోతున్నాడో చెప్పింది. మామను పట్టుకున్నారు. జైలు పడింది.

బూత్ అతను నోరు మూసుకునే రకం కాదు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. “తాళి కట్టినోన్నే పట్టిచ్చింది” అన్నారు. కొళాయి దగ్గర అత్త బిందె పెడితే పక్క బిందెలు పక్కకు జరిగేవట. మా నాన్న నిలబెట్టి అడిగాడు, ఎందుకు చేశావు అని. అత్త “సెన్సారు” అంది. నాన్నకు ఒళ్ళు మండి చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు.

మామ తిరిగి వచ్చాడు. కాపురం మళ్ళీ మొదలైంది. నడుమ సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. విచిత్రమేమిటంటే, నాకు ఊహ తెలిసేసరికి ఊళ్ళో అందరికంటే ఎక్కువగా నవ్వుకునే జంట వాళ్ళే. పట్టించిన పెళ్ళాం, పట్టుబడిన మొగుడు, ఒకే పళ్ళెంలో బొరుగులు పోసుకుని తింటూ నవ్వుకునేవాళ్ళు. వీళ్ళలో ఎవరు ఎవరిని క్షమించినట్టు? నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. అడిగితే ఆ మాటే వచ్చేది, మీకు తెలుసు.

కానీ సినిమాలో పోయిన నడిమి ముక్కను మాత్రం అత్త ఎవరికి ఎలా కావాలంటే అలా చెప్పేది. గంగక్క అని, అత్తతో పాటు వేరుశనగ చేలల్లో కలుపు తీసి, తర్వాత అత్తతో పాటే ప్యానెళ్ళ పనికి వచ్చిన ఆమె ఒకతె ఉంది. గంగక్క మొగుడు తాగుబోతు. ఆమెకు చెప్పిన కథలో, “ఆ పాప జైలు కాడికి పోయి చెప్పు తీసుకుని కొట్టింది మే. వాన్ని కాదు, వాడు పట్టుకున్న కమ్మీలను. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది.” గంగక్క ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేదట. మొగుడు దూరదేశం పోయిన పిల్ల ఒకామెకు చెప్పిన కథలో హీరోయిన్ ప్రతి బస్సుకూ ఎదురుపోయి నిలబడింది. సినిమాలో బస్సు ఎక్కడిదని ఆ పిల్లా అడగలేదు, అత్తా చెప్పలేదు.

నాకు చెప్పిన ముక్క వేరే. పెళ్ళయిన కొత్తలో నేను మా ఆయనతో గొడవపడి, సంచీ సర్దుకుని అత్త ఇంటికి వచ్చేశాను. గొడవ దేనికంటే, సెన్సారు అనుకోండి. అత్త ఏమీ అడగలేదు. రాగిముద్ద, పప్పు ముందర పెట్టింది.

“వాడు లోపలున్నన్నాళ్ళూ ఆ పాప ఏం చేసింది తెలుసా? వాని చొక్కాలు ఉతికింది” అంది.

“తొడగని చొక్కాలు ఎందుకు మాస్తాయత్తా?”

“నీకేం తెలుసు, ఈ ఊరి దుమ్ము. పెట్టెలో ఉన్న్యా మాస్తాయి. ఉతుకుతానే ఉండాది, ఆరేస్తానే ఉండాది.”

“సినిమా ఈ ఊళ్ళో జరిగిందా?”

“దుమ్ము యాడైనా దుమ్మే. నువ్వు తిను.”

నాకు నవ్వు వచ్చింది. మర్నాడు మా ఆయన వచ్చి తీసుకుపోయాడు. నేను దారిలో ఆ చొక్కాల గురించే ఆలోచిస్తూ, ఆయన చెప్పే క్షమాపణలు సగం వినలేదు.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. అత్తా మామల చేను, చుట్టుపక్కల చేలు, అటు తిరుమణి దాకా అన్నీ ప్యానెళ్ళ కిందికి పోయాయి. మామకు ఒక ప్లాంటులో కాపలా పని దొరికింది. దేనికి కాపలా? రాగి తీగల చుట్టలకు. ఊరంతా విరగబడి నవ్వింది. దొంగ చేతికే తాళాలిచ్చినారు అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తే. “తీగ మీంద ఈయప్పకున్నంత గ్యానం ఇంగెవురికుండాది? సరైనోన్నే పెట్టినారు” అంది. మామ కూడా నవ్వాడు.

గడ్డి కోసే ఆడవాళ్ళంతా ఎండకు తువ్వాలు చుట్టుకుంటే, అత్త సంతలో అంచున్న తెల్ల టోపీ కొనుక్కుంది. “దొరసానమ్మ వస్తాండాది, జరగండి మే” అని ఏడిపించేవాళ్ళు. “దొరసానికి మాత్రం ఎండ తగల్దా?” అనేది. ఆ టోపీని చూసి ఒకసారి అడిగాను, సినిమాలో టోపీ కడాకు దొరికిందా అని.

“చూపించల్యా.”

“మరి నువ్వేమనుకుంటాండావు?”

“దొరికితే ఏంది, దొరక్కపోతే ఏంది? వాడు పరిగెత్తినాడు కదా. ఆ పాప నవ్వింది దానికే.”

అత్త పోయాక ఆమెను సొంత చేనులో పెట్టడానికి వీలు లేకపోయింది. కంచె లోపలంతా ప్యానెళ్ళు. కంచెకు బయట, బాట పక్కన మిగిలిపోయిన చిన్న నేల చెక్కలో సమాధి చేశారు. మూడోనాడు పాలు పోసి, ఆమెకు ఇష్టమైన బొరుగులు పెట్టాం. గంగక్క అత్త ఇంటికి పోయి, మేకు మీది టోపీ తెచ్చి మట్టి మీద పెట్టింది. అక్కడ గాలికి అడ్డమేమీ లేదు. మామ అటూ ఇటూ వెతికి ఒక రాయి తెచ్చి టోపీ మీద పెట్టాడు. టోపీ నడినెత్తి లోపలికి అణిగిపోయింది. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

అందరూ ముందు నడుస్తుంటే మామ వెనకబడి నన్ను ఆపాడు.

“పాపా, నీకు మీ అత్త అన్నీ చెప్పేది కదా. నన్ను గురించి ఏమన్నా చెప్పిందా?”

“ఏమని మామా?”

“పట్టిచ్చింది. సరే. నేను చేసింది తప్పే. ఆ పొద్దు దొరక్కుండా పారిపోయినోడొకడు మరుసటేడు అదే లైను మీంద మాడి చచ్చినాడు. కాబట్టి పట్టిచ్చినందుకు నాకు కోపం లేదు, ఎన్నడో పోయింది. నేను మరవనిది ఇంగొకటుండాది.”

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“జైల్లో పేలు పడినాయని తల, మీసం అంతా గీకేసినారు. నా మొగం నాకే గుర్తు పట్టేకి కాల్యా. ఎట్లబ్బా ఊర్లోకి పోయేది అని బస్టాండులోనే పొద్దు గడిపి, వచ్చి వాకిట్లో నిలబడితి. మీ అత్త బయటికొచ్చింది. చూసింది. నవ్వింది పాపా. అట్లిట్ల నవ్వు కాదు, కడుపు పట్టుకుని, గడప మీంద కూలబడి నవ్వింది. నేను తలొంచుకుని లోపలికి పోతి. యాలా నవ్వితివి అని అడగల్యా. తను పట్టిచ్చిన మొగుడు బోడిమొగమేసుకుని వచ్చినాడని నవ్విందా? ఆ తర్వాత ఎంత నవ్వుకున్న్యా, ఆ మొదటి నవ్వు మాత్రం ముల్లు మాదిరి లోపల్నే ఉండిపోయింది. ఇంగెవుర్ని అడగాల నేను?”

మీసం, నవ్వు అనే రెండు మాటలు నా తలలో ఒకదానికొకటి తగులుకున్నాయి గానీ పూర్తిగా అందలేదు. “మామా, మీరిద్దరూ చూసిన ఇంగ్లీషు సినిమా ఆఖర్న ఏముందో గుర్తుందా?” అని అడిగాను.

“నేను యాడ చూసినాను? పొద్దంతా మడక దున్ని పోయిన్నోన్ని. ఇంటర్వెల్లో శెనక్కాయలు తిని నిద్రపోతి. ఈలలకు లేచేసరికి లైట్లేసేసిండ్రి. ఆ కత మీ అత్త ఆడోల్లకు చెప్పేదే గానీ నేనెప్పుడూ కూచోని విన్న్యది లేదు.”

నేనప్పుడు ఇంకేమీ చెప్పలేదు. సినిమాలో జరిగిందే జరిగింది కాబట్టి నవ్వింది అని చెబితే, పెళ్ళాం పోయిన మనిషికి అదేం ఓదార్పు? పైగా ఆ సినిమా కథ నాకే తిక్కగా కనబడేది. పోలీసులకు పట్టించిన అమ్మాయి, పట్టుబడినవాడు, ఏ కోపమూ లేకుండా గుర్రం బండి మీద ఎలా నవ్వుతారు? అత్త ఏదో తప్పుగా చూసి ఉంటుంది అనుకున్నాను.

పెద్దదినం, అంటే పెద్దకర్మ నాడు హొసకోట నుంచి ఒక ముసలాయన వచ్చాడు. చేతికర్ర, మందపాటి అద్దాలు. టెంటులో మిషను తిప్పిన మనిషి. అత్తకు “సెన్సారు” అనే మాట ఇచ్చినాయన. భోజనాల తర్వాత అరుగు మీద మామ పక్కన కూర్చుని, కర్రను రెండు చేతులా పట్టుకుని చెప్పాడు.

“మీ ఇంటామె సంతలో నన్ను చూస్తే ఇడిసేది కాదప్పా. ‘ఏమన్నా, నడుమ ఏమైంది, ఇప్పుడన్నా చెప్పు’ అనేది. సెన్సారమ్మా అని తప్పిచ్చుకునేటోన్ని. సెన్సారూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ పొద్దు ఆఖరి రీలు డబ్బా తెరిస్తే లోపల వేరే రీలుండాది. ముందు వారం ఆడిన నవ్వుల బొమ్మది. అసలుది ఆ బొమ్మ పెట్టెతో పాటు బెంగుళూరికి వాపసు పోయిండాది. జనం ఈలలేస్తాండారు. మా యజమాని ‘అదే జోడీ కదా, ఏసేయ్, ఎవురికి తెలుస్తాది’ అన్న్యాడు. ఏసేస్తి. ముందు వారం చూసినోల్లు మళ్ళా ఏసినారని ఈలలు. చూడనోల్లు చప్పట్లు. కత యాడో తెగిందే అని అడిగిన మనిషి ఈయమ్మ ఒకతే. బతికుండగా చెప్పేకి మొగం చెల్లల్యా. ఈడన్నా చెప్పి పోదామని వచ్చినా.”

నేను ముసలాయనకు దగ్గరగా జరిగాను. “అసలు ఆఖరి రీలులో ఏముంది తాతా?” అని అడిగాను.

“ఆ పాప పోన్ చేస్తాది. పోలీసోల్లొస్తారు. వాడు పరిగెత్తుతాడు, కాలుస్తారు. ఆ వానలో ఆ పాప ఒళ్ళో తల పెట్టుకుని చచ్చిపోతాడు. వేరే ఊర్లల్లో ఆడోల్లు ఏడ్చుకుంటా పోయేటోల్లు. శానా మంచి బొమ్మ.”

“మరి మీసం? ఆఖర్న వానికి మీసం లేదు, జైల్లో గీకినారని అత్త చెప్పేది.”

“జైలూ లేదు ఏమీ లేదమ్మా. ముందు బొమ్మలో వానికి మీసమే లేదు.”

ముసలాయన నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. కొంచెం సేపుండి, బస్సు టైమయిందని లేచిపోయాడు.

అప్పుడు నేను మామకు కథంతా చెప్పాను. మొదటి నుంచి, అత్త చెప్పినట్టే. టెలిఫోను, వాన, కన్నీళ్ళు, ఆ వెంటనే ఎండ, మీసం లేని మనిషి, గాలికి ఎగిరిన టోపీ, దాని వెంట పరుగు, నవ్వు. చెబుతూ ఉంటే నాకే ఒక్కొక్కటిగా అర్థమవుతూ వచ్చింది. ఫోను ఎత్తితే ఎండ వస్తుందని అత్త కళ్ళారా చూసింది. నడుమ ఏం జరిగి అంత దూరం వచ్చారో ఆమెకు తెలియదు, కానీ వచ్చారని మాత్రం తెలుసు. ఆ ధైర్యంతోనే బూత్‌లో ఫోను పట్టుకుంది. అసలు రీలు చూసి ఉంటే, ఫోను ఎత్తిన ఆడదాని ఒళ్ళో వాడు చచ్చిపోవడం చూసి ఉంటే, ఆమె ఆ బస్సు ఎక్కేదా? ఎక్కకపోతే మామ ఆ లైను ఎక్కేవాడు.

“నువ్వు మీసం లేకుండా వచ్చి వాకిట్లో నిలబడినావు మామా. ఆమెకు ఆఖరి రీలు వచ్చేసింది. అందుకే నవ్వింది. నిన్ను చూసి కాదు.”

నిజంగా అంతేనా? రాస్తున్నప్పుడు కూడా నాకు గట్టి నమ్మకం లేదు. ఒక తప్పు రీలును నమ్ముకుని ఒక మనిషి అంత పని చేస్తుందా? ఊరంతా ఛీకొడుతుంటే నోరు మెదపకుండా ఉంటుందా? ఏమో. అడగడానికి ఆమె లేదు. ఉన్నా ఏమంటుందో నాకు తెలుసు.

మామ తల వంచుకుని తువ్వాలుతో అరుగు మీది దుమ్ము తుడుస్తున్నాడు. ఆయనకు నేను చెప్పింది ఎక్కిందో లేదో తెలియలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, నాకు చెప్పిన నడిమి ముక్క, ఆ చొక్కాల సంగతి చెప్పాను. తొడిగేవాడు లేకపోయినా ఆ పాప ఉతుకుతూనే ఉందట అన్నాను.

మామ తల ఎత్తాడు.

“తెల్లగా ఉన్న్యాయి పాపా” అన్నాడు. “నేనొచ్చిన పొద్దు పెట్టె తెరిస్తే, నేను పోయినప్పటికన్నా తెల్లగా ఉన్న్యాయి.”

అంతే అన్నాడు. లేచి లోపలికి పోయాడు.

వచ్చినవాళ్ళను సాగనంపి, గిన్నెలు కడిగి, గంగక్కా నేనూ ఊపిరి పీల్చుకునేసరికి మామ ఇంట్లో లేడు. నేను అలవాటుగా మేకు వైపు చూశాను. మేకుకు టోపీ లేదు. ఉండదు కదా అని తర్వాత గుర్తొచ్చింది. సమాధి వైపు నడిచాను.

మామ అక్కడే కూర్చుని ఉన్నాడు. టోపీ మీది రాయి తీసి బాట పక్కన పడేశాడు. లోపలికి అణిగిన టోపీని లోపలి నుంచి పిడికిలితో నెట్టి, గుండ్రంగా చేసి, మళ్ళీ మట్టి మీద పెట్టాడు.

“రాయి తీసేసినావే మామా? గాలికి పోతాది కదా!”

“పోనీ పాపా” అన్నాడు మామ.

పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని ఉన్నాడు. తిరుమణి వైపు నుంచి ప్యానెళ్ళ మీదుగా దుమ్ము లేస్తోంది. టోపీ అంచు ఒకసారి లేచి మళ్ళీ మట్టికి ఆనింది. మామ చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నాడు.